విప్పి పెట్టిన సైకిల్

సైకిళ్లు బాగుచేసే సమాధానం మోటారు సైకిల్‌ను ముట్టుకోడు. తోటపల్లి గూడూరు సెంటర్లో అతని కొట్టు ముందు ఎవరైనా బండి ఆపి గాలి కొట్టమంటే, తలెత్తకుండా రోడ్డు అవతలి షెడ్డు వైపు చెయ్యి చూపిస్తాడు. "ఇంజను లాక్కుపోయేదానికి మనిషెందుకు, ఊకమూట కూర్చోబెట్టినా పోతాది" అంటాడు. ఈ మాట అని అని సగం బేరాలు పోగొట్టుకున్నాడు. మిగతా సగం సైకిళ్లే లేక పోయాయి. బడి ఆడపిల్లలకు పంచిన సైకిళ్లు కొన్ని, చేపలమ్మేవాళ్లవి నాలుగు, పొలానికి పోయే ముసలివాళ్లవి నాలుగు. యాభై మూడేళ్ల వయసులో అతని కొట్టు వాటి మీదే బతుకుతోంది.

పనిలో అతనికొక పద్ధతి ఉంది. సైకిల్ తెచ్చిన మనిషి ఏం చెప్పినా వినడు. "నువ్వు చెప్పబాకు, అది చెప్తాది" అని సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, పెడల్ తిప్పి, చెవి దగ్గరకు చేరుస్తాడు. జబ్బు ఎక్కడున్నా సైకిల్‌లోనే ఉంటుందని అతని నమ్మకం. మనుషుల ముఖాలు గుర్తుండవు. ఎర్ర మడ్‌గార్డు, వంకర హ్యాండిల్, సీటుకు గుడ్డ కట్టింది, ఇట్లా గుర్తు పెట్టుకుంటాడు. "నన్ను చూసేదానికి వచ్చి మా నాయన సైకిల్ చూసిపోయినాడు. అది నచ్చి నన్ను ఒప్పుకున్నాడు" అని భార్య నవోమి ముప్పై ఏళ్లుగా అంటోంది. సమాధానం కాదనడు. "మంచి సైకిలే" అంటాడు.

రంగనాయకులును కూడా అట్లాగే ఎరిగాడు. ముందు సైకిల్‌ను, తర్వాత మనిషిని.

తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, నల్లటి డబుల్ బారు సైకిల్ ఒకటి వచ్చి కొట్టు ముందు నిలబడింది. సముద్రం నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఊరు. ఉప్పుగాలికి ఏ సైకిలైనా రెండేళ్లలో తుప్పు పట్టి పొరలు రాలుతుంది. ఈ సైకిల్ వయసు నలభై ఏళ్లు పైనే ఉంటుంది, ఎక్కడా మచ్చ లేదు. రిమ్ములో ముఖం కనిపిస్తోంది.

"దీనికేం పూస్తారన్నా?" అని అడిగాడు సమాధానం. కొట్టు పెట్టాక బేరానికి వచ్చిన మనిషిని అతను ఎదురు ప్రశ్న వేసింది అదే మొదలు.

"ఆముదం. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి. మా నాయన పూసేవాడు. ఆయన పోయినాక నేను పూస్తా ఉండా. చక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి టక్‌మంటా ఉంది. నెల్లూర్లో ముగ్గురికి చూపించినా. ఏమీ లేదన్నారు."

సమాధానం దాన్నెక్కి రోడ్డు చివరి దాకా పోయి వచ్చాడు. వెనక చక్రంలో రెండు చువ్వలు ఒకదాని మీదొకటి దాటేచోట రాసుకుంటున్నాయి. ఆ చోట ఒక్క బొట్టు ఆముదం వేశాడు. శబ్దం పోయింది. రంగనాయకులు కూడా ఎక్కి రోడ్డు చివరి దాకా పోయి, తిరిగొచ్చి, సైకిల్‌కు స్టాండు వేసి, బల్ల మీద కూర్చున్నాడు. ఎండ వాలేదాకా లేవలేదు.

రంగనాయకులుది వరి పండించిన కుటుంబం. రెండెకరాలుండేది. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక ఉప్పునీళ్లు ఊరి, నారు మాడిపోయింది. రెండేళ్లు పంతం పట్టి, మూడో ఏడు తన చేనునూ గుంటకు ఇచ్చేశాడు. ఆ గుంటల యజమాని దగ్గరే కాపలాకు కుదిరాడు. పన్నెండు గుంటలు కాస్తాడు, అందులో రెండు అతని చేనే. ఇట్లాంటివాళ్లు ఆ మండలంలో లెక్కలేనంతమంది. ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. గట్ల మీద సైకిల్ తొక్కుతూ, నీళ్లు చిలికే మిషన్లు తిరుగుతున్నాయో లేదో చూడటం అతని పని. అవి ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. గంటలో తెల్లగా తేలిపోతాయి. అందుకే ఆ పనికి కాళ్లు గట్టిగా ఉండాలి, సైకిల్ అంతకంటే గట్టిగా ఉండాలి.

ఆ తర్వాత వాళ్లిద్దరికీ ఆదివారం ఒక అలవాటయింది. సమాధానం చర్చిలోంచి వచ్చేసరికి రంగనాయకులు గేటు బయట సైకిల్ మీద ఒక కాలు ఆనించి ఉండేవాడు. లోపలికి ఎప్పుడూ రాలేదు. "మీ స్నేహితుణ్ణి లోపలికి పిలవచ్చుగా" అని పాస్టరు గారంటే, నవోమి "ఆయన లోపలికొస్తే ఈయన బయటికి పోతాడయ్యగారూ, ఇద్దర్లో ఒకరన్నా సైకిళ్ల దగ్గర ఉండాల" అనేది. ఇద్దరూ సముద్రం ఒడ్డున ఉన్న కోడూరు దాకా పందెం వేసి తొక్కేవాళ్లు. ఇసకలో చక్రాలు దిగబడేచోట దిగి, చొక్కాలు విప్పి చెమట ఆరబెట్టుకుంటూ, దారిన పోయే ప్రతి సైకిల్‌కూ వంకలు పెట్టేవాళ్లు.

"చైను చూడు, అరుస్తా ఉంది. వాడి పెళ్లాం కూడా అంత అరవదు."

"సీటు దించుకోవాలని తెలియదా వాడికి, కొంగ మాదిరి తొక్కుతా ఉండాడు."

కొట్టు దగ్గర టీ ఎదురుగా ఉన్న బంకు నుంచి వచ్చేది, కాగితం కప్పుల్లో. కాగితం కప్పులు వచ్చాక ఎవరి గ్లాసులో ఎవరు తాగాలన్న మాట ఆ ఊళ్లో పైకి అనాల్సిన పని తప్పింది. రంగనాయకులు ఇంటికి సమాధానం ఎన్నడూ పోలేదు. సమాధానం ఇంటికి రంగనాయకులు రాలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. మాట్లాడుకోవడానికి సైకిళ్లున్నాయి.

పోయిన ఏడు ఎండాకాలంలో రంగనాయకులు కొట్టుకు వచ్చి, "ఎడమ పెడల్ జారుతా ఉంది" అన్నాడు.

సమాధానం తిప్పి చూశాడు. రబ్బరు కొంచెం అరిగింది. మార్చాడు. వారం తిరక్కముందే మళ్లీ వచ్చాడు. ఈసారి పెడలే మార్చాడు. మళ్లీ జారింది. పిన్ను మార్చాడు, పెడల్‌ను పట్టి ఉంచే క్రాంకు సరిచూశాడు. రెండు పెడళ్లనూ పక్కపక్కన పెట్టి కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాడు. ఏ తేడా లేదు. తన పద్ధతిలో ఏదో లోపం ఉందని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి రంగనాయకులు ఒక్క చెప్పుతో కొట్టుకు వచ్చాడు.

"రెండోది యాడ పారేసినావన్నా?" అని సమాధానం నవ్వాడు.

రంగనాయకులు కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలు వట్టిదిగా ఉంది, మడమ దాకా మట్టి. "అరె, ఇప్పటిదాకా చూడలా" అన్నాడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చెప్పు పోవడం ఒక సంగతి. కాలి కింద రోడ్డు కాలుతున్నా చెప్పు లేదని తెలియకపోవడం ఇంకో సంగతి. ఆ రెండో సంగతి వాళ్లకు తట్టలేదు. మూడేళ్ల కిందట ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు రంగనాయకులుకు షుగరుందని చెప్పారు. మాత్రలు ఉన్నప్పుడు వేసుకునేవాడు. లేనప్పుడు మానేసేవాడు. ఆ మాట సమాధానానికి చెప్పలేదు. సమాధానం అడగలేదు.

"ఇంక పెడల్ మార్చి లాభం లేదు. కాలే జారకుండా చేస్తా" అన్నాడు సమాధానం.

పాత ట్యూబులోంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీ కోశాడు. దాన్ని పెడల్ మీదుగా వంతెనలా వంచి, చివర్లను రెండు చిన్న బోల్టులతో బిగించాడు. పాదం అందులోకి దూరితే ఇక జారదు. చెప్పుతో దూరటం లేదు.

"చెప్పెందుకు, ఎట్టాగూ పడిపోయేదే గదా" అన్నాడు రంగనాయకులు.

"వట్టి కాలయితే పట్టు బాగుంటాది" అన్నాడు సమాధానం.

ఆ ఆదివారం కోడూరు పందెంలో రంగనాయకులు గెలిచాడు. తిరిగొస్తూ, "సమాధానం, నీ చేతికి బంగారు కడియం వెయ్యాల" అన్నాడు. సమాధానం సిగ్గుపడ్డాడు. తన పనిని అంతగా ఎవరూ మెచ్చుకోలేదు.

నలభై రోజులు ఆ పట్టీతో తొక్కాడు. చివరి పది రోజులు రంగనాయకులు కొట్టులో కూర్చుంటే నీచువాసన వచ్చేది. గుంటల్లో చచ్చిన రొయ్యలేమో అనుకున్నారు. "స్నానం చేసి రాకూడదా" అని సమాధానం వేళాకోళం చేశాడు. "సముద్రాన్ని తెచ్చి పోసుకున్నా ఈ గుంటల కంపు పోదు" అన్నాడు రంగనాయకులు.

చూసింది అతని భార్య వెంకటశేషమ్మ. తెల్లవారి వాకిలి ఊడుస్తుంటే గడప మీంచి మంచం దాకా చీమల బారు కనిపించింది. ఆ బారు వెంట పోయి దుప్పటి ఎత్తింది. ఎడమ పాదం అంచున, చిటికెన వేలి కింద, పావలా అంత గుంట ఉంది. చుట్టూ నలుపు కమ్మింది. నొప్పి లేదని రంగనాయకులు చివరిదాకా చెబుతూనే ఉన్నాడు. అది నిజమే. నెల్లూరు ఆసుపత్రిలో ముందు రెండు వేళ్లు తీశారు, తర్వాత పాదం తీశారు, పదిహేనో రోజున మోకాలి కింది దాకా తీశారు.

వాకిట్లో మిగిలిపోయిన సైకిల్‌ను ఎవరో తెచ్చి సమాధానం కొట్టు ముందు ఆనించి పోయారు. అది ఎవరిదో ఊరందరికీ తెలుసు. సమాధానం అలవాటుగా చేత్తో తడిమాడు. పట్టీ కొంచెం పక్కకు తిరిగి ఉంది. బయటికి ఉండాల్సిన బోల్టు తల లోపలికి వచ్చింది. దాని చుట్టూ ఎండిన తోలు లాంటిది అంటుకుని ఉంది. అతను ముందు దాన్ని గ్రీజనుకుని గోటితో గీకాడు. తర్వాత అర్థమై, చెయ్యి అట్లాగే పెట్టుకుని కూర్చుండిపోయాడు.

రెండు నెలలు రంగనాయకులును చూడ్డానికి పోలేదు. ఆసుపత్రికి ఒకసారి బయల్దేరి, బస్టాండు నుంచి వెనక్కి వచ్చాడు. ఒక రోజు వెంకటశేషమ్మే కొట్టు దగ్గరకు వచ్చింది.

"రమ్మంటా ఉండాడు" అంది.

"వస్తానక్కా."

"మీరిద్దరూ కలిసి ఆ కాలు తిన్నారు" అంది ఆమె. గొంతు పెంచలేదు. కూరగాయల ధర అడిగినట్టు అంది. "పెడల్ జారతా ఉందని మూడు నెల్లు తిరిగినాడు గదా నీ దగ్గరికి. కాలు ఎట్టుందని ఒక్కసారి చూడాలనిపించలేదా నీకు?"

సమాధానం చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

మర్నాడు పోయాడు. అరుగు మీద కూర్చున్నాడు. వెంకటశేషమ్మ స్టీలు గ్లాసులో నీళ్లిచ్చింది. తొమ్మిదేళ్లలో ఆ ఇంటి గ్లాసు అతని చేతికి రావడం అదే మొదలు. ఒక కాలు పోతేగానీ ఆ గ్లాసు గడప దాటి రాలేదు.

రంగనాయకులు పక్కనే నవారు మంచం మీద ఉన్నాడు. చిక్కిపోయాడు, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"ఏంది, రెండు నెల్లు? కొట్టు యాడికన్నా పోయిందా?"

"లేదన్నా." సమాధానం గ్లాసు కింద పెట్టాడు. "ఆ బోల్టు నాదన్నా. పట్టీ తిరిగి తల లోపలికొచ్చింది. నేను చూసుకోలా."

"తెలుసు."

"తెలుసా?"

"ఆసుపత్రిలో అడిగినారు. గుండ్రంగా గుంట పడుండాది, ఏం గుచ్చుకున్నదీ అని. చెప్పు కరిచిందని చెప్పినా. నీ పేరు ఎత్తలా."

"ఎత్తుండాల్సింది."

"ఎత్తితే కాలొస్తాదా?" రంగనాయకులు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. "ఆ మాట వదిలెయ్. నువ్వు నాకొక పని చేసి పెట్టాల. గుంటలాయన ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత బండి ఉండే మనిషిని పెట్టుకుంటాడంట. కుడికాలికి పట్టీ వెయ్యి. తొక్కేదీ ఆ కాలే, పైకి లాగేదీ ఆ కాలే. ఒంటి కాలితో తొక్కేవాళ్లు లేరా? కర్రను బారుకు కట్టుకుంటా. గట్టెక్కేటప్పుడు ఒక్క తోపు, అంతే."

అది అయ్యే పనే. సమాధానానికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పెడల్ వెడల్పు చెయ్యాలి. రబ్బరు బదులు మెత్తటి తోలు వెయ్యాలి. బోల్టు లేకుండా దారంతో కుట్టాలి. ఒళ్లో పెట్టుకున్న అతని వేళ్లు అప్పుడే కొలతలు తీస్తున్నాయి. వాటిని చూసి అతనికే భయం వేసింది. వేళ్లు ముడిచాడు.

"ఆ కాలు చూపించన్నా."

"కొత్తగా కాళ్లు చూస్తా ఉండావే."

"చూపించు. అటు తిరుక్కో. నేను ముట్టుకున్నప్పుడు చెప్పు."

రంగనాయకులు విసుగ్గా గోడవైపు తిరిగి కుడికాలు చాపాడు. సమాధానం జేబులోంచి తాళంచెవి తీసి, దాని మొద్దు కొసతో అరికాలు మీద నొక్కాడు. మడమ మీద నొక్కాడు. బొటనవేలి కింద ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. ఇంటి వెనక వెంకటశేషమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పెట్టు మరి, ఎంతసేపు?" అన్నాడు రంగనాయకులు.

"పెట్టినానన్నా. మూడు తూర్లు."

రంగనాయకులు కాలు పంచె లోపలికి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా, "అది కాలు సంగతి. నేనడిగింది సైకిల్ సంగతి" అన్నాడు.

"సైకిల్ కొట్లో ఉండాది."

"నీ పేరు ఎత్తలేదు నేను. గుర్తు పెట్టుకో" అన్నాడు రంగనాయకులు. సమాధానం మెట్లు దిగి వచ్చేశాడు.

ఆ ప్రాంతంలో సైకిల్ పనివాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఒకడు విప్పిన సైకిల్‌ను ఇంకొకడు బిగించడు. చిన్న రిపేరైతే ఎవరైనా చేస్తారు. మొత్తం విప్పిన సైకిల్‌ను మాత్రం విప్పిన చెయ్యే బిగించాలి. లోపలి బేరింగు గుండ్లు ఎన్ని, ఏది ఎక్కడిది, అరిగింది ఏది, అన్నీ ఆ చేతికే తెలుస్తాయి. తర్వాత చక్రం ఊడి ఎవడైనా పడితే తప్పు ఎవరిదన్న తగువు రాకుండా ఎప్పుడో పెద్దవాళ్లు పెట్టుకున్న మాట అది. పట్టీ వెయ్యనని ఊరికే చెబితే, రంగనాయకులు నెల్లూరు తీసుకుపోయి ఇంకొకరి చేత వేయించుకుంటాడని సమాధానానికి తెలుసు.

మర్నాడు పదింటికి, సెంటర్లో అందరూ చూస్తుండగా, సమాధానం ఆ నల్ల సైకిల్‌ను విప్పడం మొదలుపెట్టాడు. చైను తీశాడు. చక్రాలు తీశాడు. చువ్వలన్నీ ఒక్కొక్కటిగా లాగి కట్ట కట్టాడు. గుండ్లు డబ్బాలో పోశాడు. మధ్యాహ్నానికి గోనెపట్ట మీద యాభై ఏళ్ల సైకిల్ ముక్కలుగా పరుచుకుంది. అవతలి షెడ్డులోని పనివాళ్లు కూడా వచ్చి చూసి పోయారు. సమాధానం ప్రతి ముక్కకూ ఆముదం పూశాడు.

నాలుగో రోజు రంగనాయకులు ఆటోలో వచ్చాడు. చంకలో కర్రలు పెట్టుకుని దిగి, గోనెపట్ట దగ్గర నిలబడ్డాడు.

"ఎప్పుడు బిగిస్తావు?"

"బిగించనన్నా."

"నాది ఆ సైకిల్. మా నాయనది."

"తెలుసన్నా."

"నా కూడు అది."

"తెలుసు. కుడికాలు కూడా నీదే గదా. నీకు తెలియకుండా పోతా ఉండాది అది. మళ్లీ నా పట్టీతోనే పోవద్దు."

రంగనాయకులు కర్రలు చంకల్లోకి ఎగదోసుకున్నాడు. "ఎంత కలుపుకున్నా మీవాళ్లు మీవాళ్లే" అన్నాడు. తొమ్మిదేళ్లు రాని మాట అది. ఎక్కడో నోట్లోనే ఉండి ఉంటుంది. సమాధానం తల వంచుకుని స్పానరు తుడుస్తూ కూర్చున్నాడు. ఆటో తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రంగనాయకులు ఎవరి చేతనో ముక్కలన్నీ గోనెసంచిలో కట్టించి నెల్లూరు పంపాడు. ట్రంకు రోడ్డు పక్కన ఉన్న ముసలి మెకానిక్కు సంచి మూతి విప్పి చూసి, "ఎవరు విప్పినారు?" అని అడిగి, తిరిగి కట్టేశాడు. సంచి మళ్లీ సమాధానం కొట్టుకే వచ్చింది.

నెలాఖరుకు పని పోయింది. గుంటల మీదకు మోటారు సైకిల్ ఉన్న మనిషి వచ్చాడు. వెంకటశేషమ్మ రొయ్యల తలలు తీసే షెడ్డుకు పోతోంది. రోజంతా ఐసులో చేతులు పెట్టి, గోళ్ల సందులు పాచిపోయి, సాయంత్రం ముద్ద కలపడానికి వేళ్లు వంగవు. ఒకసారి సెంటర్లో బస్సు దిగి సమాధానం కొట్టు ముందు ఆగింది. "కాలు నిలబెట్టినావు. కూడు తీసినావు. దేనికి దండం పెట్టమంటావు నీకు?" అంది. సమాధానం బియ్యం సంచి ఒకటి పంపితే వాకిట్లోంచే తిప్పి పంపింది.

ఆదివారం చర్చి అయ్యాక సమాధానం నడిచే వాళ్లింటికి పోయాడు. తలుపు తీయలేదు. రెండో ఆదివారం, మూడో ఆదివారం కూడా తీయలేదు. పాస్టరు గారు విని, ప్రార్థన చెయ్యమన్నారు. నవోమి మాత్రం ఒక చిన్న అద్దం, మెత్తటి గుడ్డ సంచిలో వేసి ఇచ్చింది. ఆసుపత్రిలో నర్సునడిగి కనుక్కుని వచ్చింది ఆమె. రోజూ అద్దం పెట్టి అరికాలు చూడాలట, వేళ్ల సందులు తుడవాలట, గోరువెచ్చని నీళ్ల వేడి ఇంకొకరు చూడాలట.

నాలుగో ఆదివారం వెంకటశేషమ్మ తలుపు తీసింది. పక్కకు జరిగింది. షెడ్డులో చేసి చేసి, మొగుడి కాలు కడిగే ఓపిక ఆమెకు లేదు.

రంగనాయకులు మంచం మీద పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని ముఖం గోడకు తిప్పుకున్నాడు. సమాధానం బేసిన్లో నీళ్లు పోసుకుని, మోచేయి ముంచి వేడి చూసుకుని, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. గుడ్డ తడిపి పిండాడు. ఎంతసేపటికీ మంచం మీద కదలిక లేదు. నీళ్లు చల్లారుతున్నాయి.

"ఇంక పోతావా పోవా?" అంది గోడవైపు తిరిగిన గొంతు.

"చూసి పోతా."

సమాధానం గుడ్డను మళ్లీ నీళ్లలో ముంచాడు. చివరికి పంచె కొంచెం కదిలింది. కుడి పాదం మంచం అంచు దాటి బయటికి వచ్చింది. సమాధానం కళ్లద్దాలు పెట్టుకుని, చిటికెన వేలి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.